నా దూడకేంది రోగం?

మా చర్చిలో కోత పండగనాడు సొరకాయ కోడిపెట్ట ధర పలుకుతుంది. చూడని మనిషికి చెబితే నవ్వుతాడు. ఆత్మకూరు నుంచి ఉదయగిరి పోయే దోవలో, రోడ్డుకు కాస్త లోపలగా ఉంటుంది మా పల్లె. ఏడాదికొకసారి, కోతలు అయిపోయి ఎండ ముదరక ముందు ఒక ఆదివారం, చేను ఉన్నవాళ్ళు చేలో పండింది, చేను లేనివాళ్ళు పెరట్లో కాసింది, పెరడు కూడా లేనివాళ్ళు కోడి పెట్టిన గుడ్డు తెచ్చి దేవుడికి కానుకగా పెడతారు. ఆరాధన అయ్యాక ఆవరణలో షామియానా కింద వాటిని వేలం వేస్తారు. దాన్ని మేం 'పాట' అంటాం. సంతలో రూపాయి దగ్గర గొంతు చించుకునే మనిషి ఇక్కడ సొరకాయకు ఎగబడి పాడతాడు. పాడి గెలిచి, డబ్బు కట్టాక ఇంటికి తీసుకుపోతాడా అంటే అదీ లేదు. "మళ్ళీ దేవుడికే" అని తిరిగి ఇచ్చేస్తాడు. మళ్ళీ పాట మొదలు. అలా చేతులు మారి మారి, వాడిపోయిన సొరకాయ సాయంత్రానికి ఎవరి కూరలోకో చేరుతుంది.

పాట పాడించేది మా నాయన. రిటైరైన హెడ్మాస్టరు, సంఘ పెద్ద. ఆయన గొంతు ఎలాంటిదంటే, ఇంట్లో అమ్మను కేకేస్తే వీధి చివర ఇంకెవరి అమ్మో పలికేది. ఒకటోసారికీ రెండోసారికీ మధ్య ఆయన చేసే ఎగతాళి కోసమే సగం మంది వచ్చేవాళ్ళు. "ఏమయ్యా, అంత మీసం పెట్టుకోని గుమ్మడికాయకు పాడలేవా?" అంటే ఆ మీసం మనిషి ఇంటికి గుమ్మడికాయ లేకుండా పోలేడు. పాట ముగిసి ఇంటికొచ్చాక నాయన మంచం మీద కూలబడి, "గొంతు నొప్పి" అనేవాడు. అమ్మ ఉప్పు వేసిన వేడి నీళ్ళు ఇచ్చేది. ఆ నొప్పి ఆయనకు ఎంత ఇష్టమో మా ఇద్దరికీ తెలుసు.

నేను ఆత్మకూరులో టీచర్ని. మా ఆయన బస్సు కండక్టరు. ఇద్దరం మా నాయన ఇంట్లోనే ఉంటాం. ఇల్లరికం అని ఊళ్ళో మా ఆయన్ను ఏడిపిస్తే, "ఇంత మంచి పప్పు ఇంకెక్కడ దొరుకుతాది?" అని అమ్మ వంటను పొగిడి తప్పించుకుంటాడు.

మా ఇంటికి కాస్త అవతల ఒక అవ్వ ఉంది. నాకు చుట్టం కాదు, ఊరందరికీ అవ్వే. మా నాయన కంటే నాలుగేళ్ళు పెద్ద. మొగుడు పోయి చాలా కాలమైంది. కొడుకు ఆత్మకూరు, అనంతసాగరం మధ్య షేరాటో తోలుతాడు. ఆటో ఒకరోజు తిరిగితే ఒకరోజు రిపేరు. ఇల్లు నిజంగా నడిచేది అవ్వ బర్రె మీద. నోరు మాత్రం మంచిది కాదు. పొద్దున్నే ఆమె కంట పడితే ఏదో ఒకటి అనిపించుకోకుండా బస్సెక్కలేను. "ఏంది టీచరమ్మా, ఆ జడేంది, ఎలకలు కొరికినాయా?" లాంటివి.

ఒక వేసవిలో అవ్వ కోడలికి కాన్పు కష్టమైంది. నెల్లూరుకు తీసుకుపోయారు. ఆసుపత్రి వరండాలో కూర్చుని అవ్వ మొక్కుకుంది. తల్లీ బిడ్డా క్షేమంగా ఇంటికి వస్తే, ఈసారి తన బర్రె ఏది ఈనితే అది దేవుడికి ఇస్తానని. ఇద్దరూ క్షేమంగా వచ్చారు. వానాకాలంలో బర్రె ఈనింది. పెయ్యదూడ.

దున్నదూడ పుట్టి ఉంటే ఎవరికీ ఏ బాధా లేకపోయేది. పెయ్య అంటే రేపటి పాలు. పైగా ఆ బర్రె ముసలిదైపోయింది, ఇక ఈనదని పశువుల డాక్టరు కూడా చెప్పాడు. అంటే ఆ దూడ పోతే, బర్రె ఒట్టిపోయిన రోజు నుంచి ఆ ఇంట్లో పాలూ ఉండవు, పాల డబ్బూ ఉండదు. ఇది ఊళ్ళో అందరికీ అర్థమైంది. అవ్వకు ఇంకా బాగా అర్థమైంది. అయినా దూడకు పేరు పెట్టలేదు. "దేవుడి దూడకు నేనెట్ట పేరు పెడతా?" అనేది.

కోత పండగ దగ్గర పడుతుంటే అవ్వ కొడుకు మా ఇంటికి వచ్చాడు. చెప్పులు బయట వదిలి, వాకిట్లోనే నిలబడి, "మీరన్నా చెప్పండి సార్. ఆమె నా మాట ఇనదు. ఆ దూడ పోతే మాకింకేముండాది?" అన్నాడు.

నాయన బయల్దేరాడు. ఆ మాటా ఈ మాటా వినే సరదా నాకు చిన్నప్పటి నుంచీ ఉంది కాబట్టి వెనకే నేనూ వెళ్ళాను. అవ్వ పాకలో కూర్చుని దూడ చెవి వెనక పిడుదులు ఏరుతోంది.

"అక్కా, దేవుడు నీ దూడను అడిగినాడా?" అన్నాడు నాయన.

"లేదు సారూ. నేనే అడిగినా. నా కోడల్ని నాకియ్యి అని అడిగినా. ఇచ్చినాడు. ఇప్పుడు నా వంతు."

"అంతో ఇంతో కానుక పెట్టెలో ఏసెయ్యి. దూడను ఉంచుకో. ఆయనేమీ అనుకోడు."

అవ్వ తలెత్తింది. "ఆయన అనుకోడు. నేననుకుంటా."

నాయన దూడ వీపు నిమిరి లేచి వచ్చేశాడు. ఇంటికి వచ్చాక మాత్రం అన్నం దగ్గర పెద్ద రభస. "మొక్కింది ఆమె, తీర్చుకునేది ఆమె. మధ్యలో మీకేంది?" అంది అమ్మ. నాయన ఒప్పుకోలేదు. "రేపు పాలకు కటకటలాడే ఇంటి నుంచి దూడను తోలుకొచ్చి, ఆ డబ్బుతో చర్చికి సున్నం ఏయించుకుంటే నాకు ముద్ద దిగతాదా?" అన్నాడు. నేను నాయన పక్షమే. ఇప్పుడు తలుచుకున్నా, ఆయన మనసులో ఉన్నది దయ తప్ప ఇంకోటి కాదని ఒట్టేసి చెబుతాను.

శనివారం నాయన ఇల్లిల్లూ తిరిగాడు. "రేపు అవ్వ దూడకు ఎవ్వరూ పాడబాకండి. ఆమె కొడుకు చిన్న పాట పాడతాడు. నేను మూడోసారి కొట్టేస్తా. దూడ ఇంటికి పోతాది, మొక్కూ తీరతాది" అని చెప్పాడు. కాదన్నవాళ్ళు లేరు. ఆత్మకూరులో ధాన్యం కొట్టు ఉన్న శెట్టిగారికి కూడా ఫోన్ చేశాడు. ఆయన మా మతం కాదు గానీ ప్రతి ఏడూ పాటకు వస్తాడు, వెనక కుర్చీలో కూర్చుని కందులో మినుములో న్యాయమైన ధరకే పాడుకుంటాడు. "మీరు చెప్పినాక కాదనేదేముండాది సార్" అన్నాడట. ఆ సాయంత్రం కుళాయి దగ్గర ఆడవాళ్ళు ఒకరినొకరు చూసుకుని నవ్వుకోవడం చూశాను. ఊరంతా కలిసి ఒక మంచిపనిని కొంగున దాచుకున్నట్టు ఉంది. తెలియనిది అవ్వకొక్కదానికే.

ఆదివారం పొద్దున్నే అవ్వ దూడకు స్నానం చేయించింది. ఒళ్ళంతా కొబ్బరినూనె పట్టించి, మెడలో ఎర్ర రిబ్బను కట్టి, దానికి చిన్న గంట తగిలించింది. తనూ తెల్లకోక కట్టుకుని, దూడను పెళ్ళికూతుర్ని నడిపించినట్టు నడిపించుకుంటూ చర్చికి వచ్చింది. ఆరాధన జరిగినంతసేపూ బయట కట్టేసిన దూడ అరుస్తుంటే, అవ్వ మాటిమాటికీ కిటికీ వైపు చూడటం, పాస్టరు అయ్యగారు ప్రసంగం మధ్యలో నవ్వు ఆపుకోవడం నాకు గుర్తు.

పాట మొదలైంది. గుడ్లు పోయాయి, సొరకాయలు పోయాయి, ఒక పుంజు నాలుగు చేతులు మారింది. అప్పుడు దూడను షామియానా కిందికి తెచ్చారు. అవ్వ ముందు వరసలో చాప మీద కూర్చుని నడుము నిటారుగా పెట్టింది.

"అవ్వ పెయ్యదూడ" అన్నాడు నాయన. అంతే అన్నాడు.

కొడుకు గొంతులోనే మింగుతూ ఒక అంకె చెప్పాడు. పుంజు పలికిన ధర కంటే తక్కువ.

"ఒకటోసారి."

ఎవరూ పెంచలేదు. ఎప్పుడూ ఒకటోసారికీ రెండోసారికీ మధ్య నవ్వులతో ఊగిపోయే షామియానా అది. ఆ రోజు అందరూ నేల చూపులు చూస్తున్నారు. మీసం మనిషి చాప పుల్లలు తుంచుతున్నాడు. శెట్టిగారు అద్దాలు తుడుచుకుంటున్నాడు.

"రెండోసారి."

అవ్వ అటూ ఇటూ చూసింది. ఒక్కొక్కరి ముఖం చూసింది. ఆ తర్వాత ఆమె చేసిన పని నా కళ్ళ ముందు నుంచి ఇప్పటికీ పోదు. మెల్లగా లేచి దూడ దగ్గరికి వెళ్ళింది. నోరు తెరిచి పళ్ళు చూసింది. కాళ్ళు ఒక్కొక్కటే ఎత్తి గిట్టలు చూసింది. తోక ఎత్తి చూసింది. పొట్ట కింద చెయ్యి పెట్టి తడిమింది. తనకు కనబడని లోపమేదో జనానికి కనబడిందేమోనని వెతుకుతోంది.

ఏమీ దొరక్క నాయన వైపు తిరిగింది.

"ఆగు సారూ. నా దూడకేంది రోగం?"

నాయన చూపు అవ్వ కొడుకు మీదికి పోయింది.

"గుడ్డుకు పాడినారు. వాడిపోయిన సొరకాయకు కొట్టుకు చచ్చినారు. దీనికేం తక్కువ? దీని తల్లి పాలు తాగని ఇల్లు ఉండాదా ఈ ఊళ్ళో?"

కొడుకు తట్టుకోలేకపోయాడు. "అమ్మా, కూర్చో. మన కోసరమేమా. దూడ మనింటికే వస్తాది" అన్నాడు.

అవ్వకు అర్థం కావడానికి కొంచెంసేపు పట్టింది. అర్థమయ్యాక ముఖం ఎర్రబడుతుందనుకున్నాను, తిడుతుందనుకున్నాను. ఆమె నోరు తెలిసిన ఎవరైనా అదే అనుకుంటారు. తిట్టలేదు. గొంతు తగ్గించి మాట్లాడింది. అది ఇంకా కష్టంగా ఉంది.

"పుట్టినకాడి నుంచి తీసుకుంటానే ఉండా సారూ. కంట్రోలు బియ్యం తీసుకున్నా. పింఛను తీసుకున్నా. పండక్కి ఎవురో కోకలు పంచితే క్యూలో నిలబడి తీసుకున్నా. ఇచ్చేదానికి నాక్కూడా ఒకటుండాదని మురిసిపోతి. నీకేమీ లేదు, నువ్వు తీసుకునేదానివే అని ఊరంతా కలిసి చెప్తా ఉండారు."

నా పక్కన అమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. నాకు సిగ్గేసింది. దయ చేస్తున్నామనుకుని ఇంత పని చేశామా అనిపించింది.

నాయన కళ్ళద్దాలు తీసి జేబులో పెట్టుకున్నాడు. గొంతు సవరించుకున్నాడు. "అక్కా, కూర్చో" అన్నాడు. ఆపైన అసలు గొంతు బయటికి తీశాడు. రోడ్డు మీద పోయే బస్సుకు కూడా వినబడి ఉంటుంది.

"అవ్వగారి పెయ్యదూడ! కొబ్బరినూనెతో తలంటు పోసుకున్న దూడ! మీలో ఎంతమందికి ఈ పొద్దు తలంటయ్యింది? మొదటి నుంచి పాట! ఎవరు పాడతారు?"

వెనక కుర్చీలోంచి శెట్టిగారు చెయ్యెత్తి, "సార్, ఇప్పుడు పాడొచ్చునా?" అని అడిగాడు.

"పాడనోడివి ఎందుకొచ్చినావయ్యా?" అన్నాడు నాయన. షామియానా అంతా ఒక్కసారిగా నవ్వింది. ఊపిరి బిగబట్టిన వాళ్ళందరూ వదిలిన నవ్వు అది.

ఆ తర్వాత పాట ఆగలేదు. మీసం మనిషి పాడాడు, శెట్టిగారు పెంచాడు, ఊళ్ళో బర్రెలున్న ప్రతివాడూ ఒక చెయ్యి వేశాడు. కాస్త నెమ్మదిస్తే అవ్వే చాప మీద నుంచి, "అంతేనా? అంతేనా మీ బతుకు?" అని రెచ్చగొట్టింది. శెట్టిగారి పాట దగ్గర అందరూ ఆగారు. దూడ ఆత్మకూరు పోతుందనుకోగానే నాకేమైందో, నేను పాడేశాను. పాడించేవాడి ఇంటివాళ్ళు పాడకూడదని ఏమీ లేదు గానీ, మాకు బర్రె లేదు, పాక లేదు, గడ్డివాము లేదు. నాయన నన్ను వింతగా చూసి, "మూడోసారి" అన్నాడు.

"అవ్వా, దూడను నీ ఇంటికే తోలుకుపో" అనే మాట నా నాలుక చివరి దాకా వచ్చింది. అమ్మ నా తొడ మీద గట్టిగా గిల్లింది. "నోరు మూసుకో. ఇప్పటిదాకా చేసింది చాలదా?" అంది. నోరు మూసుకున్నాను.

దూడను మా పెరట్లో జామచెట్టుకు కట్టేశాను. డ్యూటీ దిగి వచ్చిన మా ఆయన దాన్నీ నన్నూ మార్చి మార్చి చూసి, "చర్చికి పోయి దీవెనలు తెస్తావనుకుంటే దూడను తెచ్చినావే" అన్నాడు. అది తల్లి కోసం ఒకటే అరుపు. నాకు ఏడుపొచ్చింది.

తెల్లారగానే అవ్వ వచ్చింది. నా వైపు చూడలేదు. దూడ మెడలో తాడు చూసి, "ఇదేంది, మెడకు ఉరేసినావా?" అని ముడి విప్పి వదులు చేసింది. నేను పెట్టిన గడ్డి చూసి ముఖం చిట్లించింది. అప్పుడు గట్టు మీద కూర్చుని అంది.

"నీకు బర్రెను సాకను చాతగాదు. వాటాకు నాకియ్యి. మేత నాది, చాకిరీ నాది. ఈనినాక మొదటి దూడ నీది. పాలు సగం సగం."

మా వైపు ఇది మామూలు బేరమే. పశువు ఒకరిది, సాకేది ఇంకొకరు, ఫలితం ఇద్దరిదీ. "సగమెందుకవ్వా, పాలన్నీ నువ్వే ఉంచుకో" అనబోయాను. ఈసారి అమ్మ గిల్లకుండానే ఆగాను.

"సగం ఎక్కువ. నీకు పాతికే" అన్నాను.

అవ్వ కళ్ళు మెరిశాయి. ఇక చూడాలి. నా చదువును తిట్టింది, నా ఉద్యోగాన్ని తిట్టింది, మా తాత పిసినారితనాన్ని తవ్వి తీసింది. చివరికి సగానికే ఒప్పించి, దూడను తోలుకుని, ఎవరికీ ఏమీ బాకీ లేని మనిషిలా వీధి మధ్యలో నడుచుకుంటూ పోయింది. అప్పుడు దానికి పేరు పెట్టుకుంది.

ఆ పెయ్య పెరిగి, చూడి కట్టి, ఈనింది. ముసలి బర్రె ఒట్టిపోయాక కొన్నాళ్ళు ఆగిన పాలు ఆ ఇంట్లో మళ్ళీ మొదలయ్యాయి. మా వాటా పాలు రోజూ పొద్దున్నే వస్తాయి. అవ్వ నీళ్ళు కలుపుతోందని అమ్మ అనుమానం. నాకు అనుమానం కూడా లేదు, కలుపుతుంది.

రెండేళ్ళ కిందట నాయనకు పక్షవాతం వచ్చింది. కుడి చెయ్యి పడిపోయింది. మాట ముద్దయింది. ఊరు ఊరంతా వచ్చి చూసింది. పాత శిష్యులు ఆపిల్ పండ్లు తెచ్చారు. అందరూ ఒకటే మాట. "మీరు రెస్టు తీసుకోండి సార్." ఆయన అరుగు మీద కుర్చీలో కూర్చుని తల ఊపేవాడు. రానురాను మాట్లాడటమే మానేశాడు.

పోయిన కోత పండగకు ముందు సంఘం వాళ్ళు వచ్చి నన్ను గేటు దగ్గరికి పిలిచారు. "పాటకు మైకు పెడతా ఉండాం టీచరమ్మా. కొత్త సెక్రటరీ పాడిస్తాడు. మాట రాక నలుగురిలో సార్ చిన్నబోతే మాకు బాధ" అన్నారు. వాళ్ళది మంచి మనసు. థాంక్స్ చెప్పి పంపించాను. అందులో తప్పేమీ నాకు తట్టలేదు. నాయన అరుగు మీద నుంచి విన్నాడో లేదో తెలియదు. ఆ మధ్యాహ్నం అన్నం వద్దన్నాడు.

ఆదివారం ఆయన్ను తీసుకెళ్ళి ముందు వరసలో కుర్చీ వేశాం. కొత్త సెక్రటరీ మైకులో చకచకా పాడిస్తున్నాడు. అవ్వ నేతిచెంబుతో వచ్చింది, ఆనాటి దూడ పాల నెయ్యే. కానుకల బల్ల మీద పెట్టకుండా చంకలో పెట్టుకుని నిలబడింది.

"అవ్వా, ఆ నెయ్యి ఇటియ్యి" అన్నాడు సెక్రటరీ.

"ఇయ్యను. సారు పాడిస్తేనే ఇస్తా."

"సార్‌కు బాగలేదు గదవ్వా. కష్టపెట్టొద్దని మేమే..."

"సారుకేంది రోగం?"

ఆ మాట ఎక్కడ విన్నామో అక్కడున్న ప్రతి మనిషికీ గుర్తుంది.

"నాలిక మొద్దుబారింది, అంతే గదా. మనమేమన్నా చెవిటోళ్ళమా? నిదానంగా చెప్తాడు, నిదానంగా ఇందాం. ఎవురికి బస్సు పోతా ఉండాది?" అంటూ వచ్చి చెంబును నాయన ఒళ్ళో పెట్టింది.

నాయన ఆ చెంబు వంక చాలాసేపు చూశాడు. సెక్రటరీ మైకు తెచ్చి నోటి దగ్గర పెడితే ఎడమచేత్తో తోసేశాడు. పెదవులు వంకర పోతున్నాయి. "అ... అవ్వ... నె... నెయ్యి" అన్నాడు. వెనక నుంచి శెట్టిగారు పాడాడు. మీసం మనిషి పెంచాడు. ఎవరూ తొందరపడలేదు, ఎవరూ నేల చూపులు చూడలేదు. మధ్యలో నాయన శెట్టిగారిని చూపిస్తూ ఏదో అన్నాడు. ఎవరికీ అర్థం కాలేదు. "ఏందీ?" అని అవ్వ తన చెవిని ఆయన నోటి దగ్గరికి తెచ్చింది. ఆయన చెమటలు పట్టి మళ్ళీ అన్నాడు. "ఆ పొట్టకు ఇంకా నెయ్యా అంటా ఉండాడు సారు!" అని అవ్వ అరిచింది. జనం నవ్వుకు షామియానా గుంజలు కదిలాయి. అందరికంటే ఎక్కువ నవ్వింది శెట్టిగారే. ఆయనే ముందు "మళ్ళీ దేవుడికే" అన్నాడు. ఆ నెయ్యి ఎన్ని చేతులు మారిందో నేను చూడలేదు, నేను నాయన్నే చూస్తున్నాను.

ఇంటికి తెచ్చి మంచం మీద కూర్చోబెట్టాం. అమ్మ మందులు తీస్తోంది. నాయన ఎడమచెయ్యి మెడ మీద పెట్టుకుని, ఒక్కో అక్షరం కూడగట్టుకుని, "గొం...తు... నొప్పి" అన్నాడు.

అమ్మ మందులు అక్కడే వదిలేసి, ఉప్పు వేసిన వేడి నీళ్ళు తేవడానికి వంటింట్లోకి పరిగెత్తింది.